కోసిన కడుపుకి ఎంసీ ఎవరిస్తారు?



పనిలో దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో ఈ గ్రూపులో చాలాసార్లు చెప్పుకున్నాం. ఎంసీ తీసుకోండి, కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, "లైట్ డ్యూటీ రాయించుకో" అని సూపర్‌వైజర్ పక్కన నిలబడి చెప్పినా మీ నొప్పి మీరే డాక్టరుకి చెప్పండి అని. ఈ వారం అదే మాట ఇంకో మనిషి గురించి. ఆమె ఇక్కడ డార్మిటరీలో లేదు. జగిత్యాల దగ్గరో, శ్రీకాకుళం దగ్గరో, మీ ఇంట్లోనే ఉంది. పది రోజుల కింద ఆమె కడుపు కోసి బిడ్డను తీశారు.

మీరేమంటారో తెలుసు. "పైసలు పంపినం గదా అన్నా!"

పంపారు. ఓటీలు చేసి పంపారు, రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకుని పంపారు. దాన్ని ఇక్కడ ఎవరూ తక్కువ చెయ్యట్లేదు. ఆస్పత్రి బిల్లు కట్టేశాం, బిడ్డ ఫోటో స్టేటస్‌లో పెట్టేశాం, ఇంక మన పని అయిపోయింది అనుకుంటున్నారు చూడండి, ఈ గొడవంతా దాని గురించే.

ఒక్కసారి ఇలా ఆలోచించండి. మీ గదిలో పక్క మంచం తమ్ముడికి కడుపు ఆపరేషన్ అయ్యింది. హెర్నియానో, అపెండిక్సో. పదో రోజు వాడిచేత సిమెంటు బస్తా మోయిస్తారా? మోయించరు. వాడి ప్లేటు కూడా మీరే కడుగుతారు. ఈ దేశపు చట్టం కూడా వాడి పక్కనే ఉంది. ఆరు నెలల సర్వీసు నిండినవాడికి ఏడాదిలో 14 రోజులు, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే అవి కలుపుకొని 60 రోజుల దాకా జీతంతో సిక్ లీవు. పని మీద తగిలిన దెబ్బ అయితే వర్క్ ఇంజురీ చట్టం వేరే ఉంది. అంత ఉన్నా కంపెనీ వాడిని మూడో రోజు సైటుకి పిలిస్తే మనం ఊరుకోం, ఎంఓఎం దాకా పోదాం అంటాం.

మరి ఇంట్లో ఆమె? పదో రోజు నీళ్ళ బిందె. పన్నెండో రోజు బట్టల మూట. రెండో కాన్పు అయితే మరీ ఘోరం. తొలి కాన్పుకి పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి చూసుకుంటారు, రెండోదానికి "ఇక్కడే కానియ్యి" అంటారు. రెండున్నరేళ్ళ పెద్దపిల్ల చంక దిగదు, ఆ పిల్ల కాళ్ళు సరిగ్గా కుట్ల మీదే తగులుతాయి. ఆమెకి ఎంసీ రాసేదెవరు? సూపర్‌వైజర్ అత్తగారు, కంపెనీ మీరు. కోపం తెచ్చుకోకండి, లెక్క అలాగే ఉంది.

అసలు సిజేరియన్ అంటే ఏం చేస్తారో మనలో చాలామందికి తెలీదు. అడగం కూడా. పైన చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద కండను పట్టి ఉంచే గట్టి పొర కోస్తారు. కండరాలను రెండు పక్కలకి లాగుతారు. పేగులను కప్పి ఉండే పలచటి పొర కోస్తారు, ఆ తర్వాత గర్భసంచి కోస్తారు. బిడ్డను తీసి మళ్ళీ లోపలి నుంచి కుట్టుకుంటూ వస్తారు. పైన చర్మం వారం పది రోజుల్లో అతుక్కుంటుంది. అది చూసి "మానిపోయింది" అంటారు ఇంట్లో. లోపలి పొరలకి పూర్తి బలం రావడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. అందుకే డాక్టర్లు కనీసం ఆరు వారాలు బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తొద్దంటారు. కాంక్రీటు పనిచేసేవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. స్లాబు పైన గట్టిపడినట్టు కనపడగానే కింద సెంట్రింగు తీసేస్తామా?

ఇది ఎక్కడో ఒకరిద్దరి సంగతి అయితే బులెటిన్ నింపేవాళ్ళం కాదు. కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే. దేశం మొత్తంలో ఇంత ఎక్కువ ఏ రాష్ట్రంలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం సగటు 21 పైచిలుకు. తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రి కాన్పులు చూస్తే 100కి 80 దాటింది. జనాభా మొత్తంలో కోతలు 10 శాతం దాటాక తల్లీబిడ్డల చావులు అంతకంటే తగ్గినట్టు కనపడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, ఆ మాటకి తిరుగు లేదు. కానీ ఇన్ని కోతలు అవసరానికే జరుగుతున్నాయా? నక్షత్రం బాగుందని ముహూర్తం పెట్టి కోయించేవాళ్ళు మన గ్రూపులో లేరా? ఆ ముహూర్తం వాట్సాప్‌లో ఇక్కడి నుంచే పోతుంది. కోతకి ముహూర్తం చూసే ఇంట్లో కోలుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో క్యాలెండర్ చూసేవాడు ఒక్కడూ ఉండడు.

ఇంకో మాట ఎప్పుడూ వినపడుతుంది. "మా అమ్మ ఆరుగురిని కన్నది. మూడో రోజే నాటుకి పోయింది. ఈ కాలం ఆడోళ్ళకి సుకుమారం ఎక్కువ."

మీ అమ్మకి దండం. కానీ ఆమెకి కడుపు కొయ్యలేదు. రెండోది, నాటుకి పోయి బతికినవాళ్ళ కథే మన చెవిన పడుతుంది, పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మీ అమ్మ కాలం గొప్పదైతే ఆ 195 ఎవరు? మీ ఊళ్ళోనే అడగండి, ప్రతి వాడలో ఒక పేరు చెప్తారు.

తగ్గింది కదా, ఇంక భయమెందుకు అంటారేమో. మిగిలిన ఆ చావుల్లో చాలా వరకు కాన్పు టేబుల్ మీద జరగవు. కాన్పు అయ్యాక జరుగుతాయి, కొన్ని ఇంటికొచ్చాక కూడా. అందరూ బిడ్డను చూస్తూ ఉంటారు, తల్లిని చూసేవాడు ఉండడు. అందుకే ఈ కింది సంగతులు నెమ్మదిగా చదవండి. అర్థం కాకపోతే రూమ్మేట్‌తో చదివించుకోండి.

రక్తం. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం పోవడం మామూలే, రోజురోజుకీ తగ్గుతూ రావాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కువైనా, గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోయినా, పెద్ద గడ్డలు పడినా అది ఆస్పత్రి కేసు. మన దగ్గర ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి ముందే రక్తం తక్కువ. అదే సర్వేలో తెలంగాణలో 57 శాతం పైన, ఆంధ్రలో 58 శాతం పైన. ఉన్నదే తక్కువైనప్పుడు పోగొట్టుకోవడానికి ఏం మిగిలింది?

జ్వరం. 100.4 దాటిందంటే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టే జ్వరం కాదది. కుట్ల దగ్గర ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, కింద నుంచి పోయేది దుర్వాసన కొట్టినా లోపల ఇన్ఫెక్షన్ మొదలైందని అర్థం. అది రక్తంలోకి ఎక్కితే గంటల లెక్కే.

తలనొప్పి. భరించలేని తలనొప్పి, కళ్ళు మసకబారడం, మెరుపుల్లా కనపడటం, పొట్ట పైభాగంలో నొప్పి, మొహం వాపు. ఇది బీపీ. "కాన్పు అయ్యింది గదా, ఇంక బీపీ పోతది" అనుకుంటారు. పోదు. కాన్పుకి ముందు బీపీ ఎప్పుడూ లేనివాళ్ళకి కూడా కాన్పు తర్వాత ఆరు వారాల లోపు రావచ్చు, ఫిట్స్ దాకా పోవచ్చు. ఇంట్లోవాళ్ళు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పుతారు. తిప్పితే తిప్పనీ, ఆటో ఎక్కాక తిప్పుకోమనండి.

కాలు, ఊపిరి. ఒక్క కాలు పిక్క దగ్గర వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. అది ఊపిరితిత్తులకి చేరితే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి. సిజేరియన్ తర్వాత ఈ ప్రమాదం మామూలు కాన్పు కంటే ఎక్కువ. అందుకే ఆస్పత్రిలో మరుసటి రోజే లేపి నడిపిస్తారు. విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదు. నడవాలి. బరువు ఎత్తకూడదు, అంతే.

ఇప్పుడు మీ పాత్రకి వద్దాం. ఈ లక్షణాల్లో ఏదో ఒకటి రాత్రిపూట మొదలవుతుంది. ఆమె అత్తకి చెప్తుంది. అత్త "వానికి ఫోన్ చేసి అడుగుదాం" అంటుంది. మీరు నైట్ షిఫ్టులో ఉంటారు, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. లేదా ఎత్తుతారు, "మొన్ననే అంత పెట్టినం, సోమవారం దాకా చూద్దాం" అంటారు. ఇక్కడ రాత్రి పది అయితే అక్కడ ఏడున్నర. ఆ రాత్రికి ఇంకా బండి దొరికే టైమే అది. సోమవారానికి ఏం మిగులుతుందో ఎవరు చెప్పగలరు?

ఆమె ఆస్పత్రికి పోవడానికి మీ పర్మిషన్ ఎందుకు కావాలి అన్నా? సైటులో ఒకడు పైనుంచి పడితే బాస్‌కి ఫోన్ చేసి పర్మిషన్ వచ్చేదాకా ఆగితే, ఆ బాస్‌ని మనం ఏమంటాం? అదే మాట మనకి మనం అనుకోవాలి. కాన్పుకి నెల ముందే ఇంట్లో అందరూ వినేట్టు స్పీకర్ పెట్టి చెప్పండి: "బాగలేదంటే ఎవరినీ అడగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి, పోండి." కొంత డబ్బు ఆమె అకౌంటులో వెయ్యండి. మీ నాన్న అకౌంటులో కాదు, మీ అన్న ఫోన్‌పేలో కాదు, ఆమె అకౌంటులో. ఆ డబ్బు ఆమె చేతిలో ఉంటే మీ మాటకి విలువ ఉంటుంది, లేకపోతే ఉత్త మాటే.

ఇంకోటి, ప్రైవేటుకే పోవాలని ఏమీ లేదు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ ఉచితం, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఏడు రోజుల దాకా తిండి, ఇంటి దగ్గర దింపే బండి కూడా ఉచితం. ఇంటికొచ్చాక ఆశా వర్కర్ ఆరు వారాల లోపు కనీసం ఐదుసార్లు వచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. రాలేదంటే అడిగే హక్కు మీకుంది. ఆశా అమ్మ నంబర్ మీ ఫోన్‌లో ఉందా? ఏజెంటు నంబర్లు మూడు ఉంటాయి.

పథ్యం గురించి రాస్తే ఇంట్లో అమ్మలు మమ్మల్ని తిడతారు. అయినా రాస్తున్నాం. "పప్పు తింటే చీము పడుతుంది. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు నానుతాయి. కూరగాయలు వాతం. గుడ్డు పిల్లకి పడదు." ఇలా అన్నీ తీసేసి కారప్పొడీ, వెల్లుల్లీ, ఇంత అన్నం, అరగ్లాసు వేడినీళ్ళు. ఎండాకాలంలో కూడా! ఆమె గాయం మానాలంటే పప్పూ, గుడ్డూ, మాంసమే కావాలి, గాయాన్ని కట్టే సరుకు అదే. నీళ్ళు తాగకపోతే పాలు ఎండిపోతాయి అన్న సంగతి అటుంచండి, మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు లాగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. నీళ్ళు తాగితే కుట్లు నానవు, కడుపులోకి పోయే నీళ్ళకి కుట్లతో సంబంధం లేదు. మిరియాల చారు, వాము, వెల్లుల్లి ఉండనివ్వండి, వాటితో గొడవ లేదు. తీసేసేవాటితోనే గొడవ. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వెయ్యాలి. ఆస్పత్రి నుంచి వచ్చిన సంచిలో అలాగే పడి ఉంటాయి, ఒకసారి వీడియో కాల్‌లో చూపించమనండి.

అమ్మకి మీరు చెప్తేనే వింటుంది. కోడలు చెప్తే "ఎదురు మాట్లాడుతుంది" అవుతుంది. కొడుకు సింగపూర్ నుంచి చెప్తే "మా వాడు చెప్పిండు" అవుతుంది. ఆ పరపతి మీకుంది. టీవీ ఎంత ఇంచులది కొనాలో చెప్పడానికి దాన్ని వాడతారు, దీనికి వాడండి.

ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ సంగతి కూడా. టెంటు, డీజే, యాటపోతు, బంధువులందరికీ బట్టలు. మూడు వారాల పచ్చి గాయంతో ఆమె పట్టుచీర కట్టుకుని నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి. మీరు ఇక్కడ వీడియో కాల్‌లో నవ్వుతూ చూస్తారు. ఆ ఖర్చులో పావు వంతుతో రెండు నెలలు ఇంట్లో బట్టలకీ, గిన్నెలకీ, నీళ్ళకీ ఒక మనిషిని పెట్టొచ్చు. "మనింట్లో పనిమనిషా?" అని నవ్వుతారు ఊళ్ళో. నవ్వనివ్వండి.

ఇక్కడ ఈ ఊళ్ళో ఏం జరుగుతుందో చూడండి. చైనా కుటుంబాల్లో బాలింతని నెల రోజులు మంచం దింపనివ్వరు. దానికోసం మలేషియా నుంచి ఒక ఆయమ్మని పిలిపిస్తారు. మనకి వర్క్ పర్మిట్ ఇచ్చే ఇదే ఎంఓఎం ఆ ఆయమ్మకి కూడా వర్క్ పర్మిట్ ఇస్తుంది, బిడ్డ పుట్టిన రోజు నుంచి 16 వారాల దాకా. బాలింతని చూసుకోవడం అంటే ఈ దేశంలో పర్మిట్ ఇచ్చి మరీ చేయించే పని. మన ఊళ్ళో అదే పని "ఏముంది, ఊకే కూసుండుడే గదా."

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తప్పంతా మగవాళ్ళ మీద తోసేయడానికి ఇది రాయలేదు. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు భార్యాబిడ్డల్ని ఇక్కడికి తెచ్చుకునే వీల్లేదు. బిడ్డ సింగపూర్ పౌరుడైతే తండ్రికి 2025 ఏప్రిల్ నుంచి 4 వారాల జీతంతో సెలవు. మన బిడ్డ పుడితే సున్నా. మొదటి ఏడాది చట్టం ఇచ్చే సెలవు మొత్తం 7 రోజులు. "పోతే పో, మళ్ళీ రాకు" అనే బాసులు ఉన్నారు. ఆ పోట్లాట ఈ గ్రూపు వదలదు. కానీ పైన చెప్పినవాటిలో ఏ ఒక్కదానికీ బాస్ సంతకం అక్కర్లేదు. ఫోన్‌లో ఏం మాట్లాడాలో కంపెనీ చెప్పదు.

ఇంక కొంచెం ఇబ్బందిగా ఉండే విషయం. మగవాళ్ళ గ్రూపే కాబట్టి నేరుగా చెప్తున్నాం. లీవు దొరికింది, నెల రోజులకి ఇంటికి పోతున్నారు, అప్పటికి కాన్పు అయ్యి ఇరవై రోజులు. ఆరు వారాలు ఆగాలి. డాక్టరుకి చూపించాక, ఆమె సరే అన్నాక. "నెల రోజులే ఉంట" అనేది ఆమె గాయానికి తెలీదు. ఇంకో కాన్పు అనుకుంటే కనీసం రెండేళ్ళు గ్యాప్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కోసిన గర్భసంచి తొందరగా మళ్ళీ సాగితే పాత కోత దగ్గరే చిరిగే ప్రమాదం ఉంది. కాపర్-టీ సిజేరియన్ అప్పుడే వేయించుకోవచ్చు, ముందే ఇద్దరూ మాట్లాడుకుని డాక్టరుకి చెప్పాలి. నిరోధ్ సంగతి మీకు తెలుసు. సిగ్గుపడే వయసు కాదు.

చివరగా మనసు. ఫోన్ చేస్తే ఏడుస్తుంది, ఏమైందంటే "ఏం లేదు" అంటుంది. మొదటి వారం పది రోజులు అలా ఉంటే చాలామందికి దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర లేదు, తిండి లేదు, బిడ్డని ఎత్తుకోవాలని లేదు, "నేనుండి ఏం లాభం" అంటుందంటే అది జబ్బు. పొగరూ కాదు, గాలి సోకడమూ కాదు. మనలాంటి దేశాల్లో కాన్పు అయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఇలాంటి మానసిక ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మందు ఉంది, నయమవుతుంది. టెలీ మానస్ నంబర్ 14416, ఇండియాలో ఎక్కడి నుంచైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాననో, బిడ్డని ఏదైనా చేస్తాననో అంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళమనండి. ఫోన్ చేసినప్పుడు బిడ్డని చూపించమనే ముందు ఆమె మొహం చూడండి. "పాప ఏం జేస్తుంది" కంటే ముందు "నీ కుట్లు ఎట్లున్నయి, తిన్నవా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నవ్" అని అడగండి.

ఈ గ్రూపులో ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు కూడా కొందరున్నారు. ఏడాది బిడ్డని అమ్మ దగ్గర వదిలి, సిజేరియన్ కోత మానీ మానకుండా వచ్చినవాళ్ళు. అక్కా, బరువు ఎత్తితే కోత దగ్గర ఉబ్బినట్టు వస్తోందా, లాగుతోందా? మేడమ్‌కి చెప్పడానికి భయపడకండి, అది హెర్నియా కావచ్చు, డాక్టరుకి చూపించాల్సిందే. మీ వైద్యం ఖర్చు భరించాల్సింది మీ యజమానే.

రాబోయే రెండు మూడు నెలల్లో ఇంట్లో కాన్పు ఉన్నవాళ్ళు "కాన్పు" అని రాసి గ్రూపు అడ్మిన్‌కి మెసేజ్ పెట్టండి. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు తెలుగులో ఆడియో చేసి పంపుతాం, ఇంట్లో అమ్మకి, అత్తకి, వదినకి ఫార్వర్డ్ చెయ్యండి. చదువు రానివాళ్ళు కూడా వింటారు. ఈ రాసినదాని మీద కోపం వచ్చినవాళ్ళు గ్రూపులోనే జవాబు రాయండి, వచ్చే ఆదివారం ఉన్నది ఉన్నట్టు వేస్తాం.